యూనిట్ 7: కలప స్థిరీకరణ, రెసిన్ పోత – లేత్ పనివారికి తొలి పాఠాలు

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 విషయ పరిచయం
7.2 కలపలోని తేమ, ఖాళీ
7.3 స్థిరీకరణ విధానం
7.4 రెసిన్ పోత
7.5 పోత దిమ్మను లేత్ మీద చెక్కడం
7.6 ఆరోగ్యం, భద్రత
7.7 ఈ పద్ధతులు ఎక్కడ తగవు?
7.8 సారాంశం
7.9 నమూనా ప్రశ్నలు
7.10 ముఖ్య పదాలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను అధ్యయనం చేసిన తరవాత మీరు:
• స్థిరీకరణకూ, రెసిన్ పోతకూ గల తేడాను వివరించగలుగుతారు.
• ఒక కలప దిమ్మలో తేమ శాతాన్ని, అది పీల్చుకోగల రెసిన్ పరిమాణాన్ని లెక్కకట్టగలుగుతారు.
• శూన్యం ఎక్కడ వాడాలో, పీడనం ఎక్కడ వాడాలో కారణాలతో చెప్పగలుగుతారు.
• ఈ పనిలోని ప్రమాదాలను ముందే గుర్తించి, తగిన జాగ్రత్తలు తీసుకోగలుగుతారు.

7.1 విషయ పరిచయం

లేత్ మీద కర్రను తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. పాత తెలుగులో దీనినే తరిమెన పట్టడం అన్నారు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామంలో అంకుడు కర్రతో బొమ్మలు చెక్కి, అవి తిరుగుతుండగానే లక్క కడ్డీని ఒత్తి రంగు వేస్తారు. రాపిడి వల్ల పుట్టే వేడికి లక్క మెత్తబడి కర్రకు పట్టుకుంటుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. లక్క కూడా ఒక రెసినే. లక్క పురుగు స్రవించే సహజ రెసిన్. కాబట్టి కర్రకూ రెసిన్‌కూ సంబంధం మన కళాకారులకు తెలియనిది కాదు. అయితే లక్క కర్ర పైపొరకే పరిమితం. ఈ యూనిట్‌లో మనం తెలుసుకోబోయే రెసిన్లు కర్ర లోపలికి వెళ్తాయి, లేదా కర్ర చుట్టూ గడ్డకట్టి దానితో ఒకే దిమ్మగా మారతాయి.

మంచి చేవ గల కర్రకు ఈ శ్రమ అవసరం లేదు. కానీ చూడటానికి అందమైన కర్ర చాలాసార్లు బలహీనంగా ఉంటుంది. శిలీంధ్రం పట్టి నల్లని గీతలు తేలిన మామిడి చెక్క, చెట్టు బుడిపెల నుంచి కోసిన మెలికల చెక్క, సగం పుచ్చిన వేరు ముక్క వంటివి ఉలి తగలగానే పొడిపొడిగా రాలిపోతాయి. సాధారణంగా ఇవి పొయ్యిలోకి పోతాయి. వీటిని పనికివచ్చే దిమ్మలుగా మార్చడానికి రెండు మార్గాలు ఉన్నాయి.

స్థిరీకరణ: కర్ర లోపలి సూక్ష్మమైన ఖాళీలను పలుచని రెసిన్‌తో నింపి, వేడితో గట్టిపరచడం.
రెసిన్ పోత: కర్ర ముక్కను అచ్చులో ఉంచి, చుట్టూ చిక్కని రెసిన్ పోసి, పెద్ద పగుళ్లనూ గుంటలనూ నింపుతూ ఒక దిమ్మగా తయారుచేయడం.

మొదటిది కర్రను బలపరుస్తుంది. రెండవది కర్రకు లేని ఆకారాన్ని పూరిస్తుంది. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం కొత్తవారు చేసే మొదటి పొరపాటు. పోత రెసిన్ చిక్కగా ఉంటుంది కనుక కర్ర లోపలికి చొరబడదు. స్థిరీకరణ రెసిన్ నీళ్లలా పలుచగా ఉంటుంది కనుక పెద్ద గుంటలో నిలవదు.

7.2 కలపలోని తేమ, ఖాళీ

కలప సన్నని గొట్టాల కట్ట వంటిది. గొట్టం గోడను కణకవచం అంటాము. నీరు ఈ కర్రలో రెండు చోట్ల ఉంటుంది. గొట్టాల లోపలి ఖాళీలో స్వేచ్ఛగా ఉండే నీరు ఒకటి, కణకవచాలలో బంధించబడి ఉండే నీరు మరొకటి. పచ్చి కర్ర ఆరేటప్పుడు ముందుగా స్వేచ్ఛా నీరు పోతుంది. తేమ సుమారు 28 నుంచి 30 శాతానికి తగ్గిన తరవాత కణకవచాలలోని నీరు పోవడం మొదలవుతుంది. కర్ర కుంచించుకోవడం, వంగడం, పగలడం ఈ దశలోనే జరుగుతాయి.

తేమ శాతాన్ని పూర్తిగా ఆరిన కర్ర బరువును ఆధారంగా తీసుకుని లెక్కిస్తారు.

తేమ శాతం = (ఆరకముందు బరువు – ఆరిన బరువు) ÷ ఆరిన బరువు × 100

ఉదాహరణ 1: ఒక దిమ్మ ఆరకముందు 168 గ్రాములు, పూర్తిగా ఆరిన తరవాత 150 గ్రాములు తూగింది. తేమ శాతం = 18 ÷ 150 × 100 = 12.

ఇప్పుడు ఖాళీ సంగతి చూద్దాం. ఏ జాతి కర్ర అయినా కణకవచ పదార్థం సాంద్రత దాదాపు ఒకటే: ఘన సెంటీమీటరుకు సుమారు 1.5 గ్రాములు. తేలిక కర్రకూ బరువు కర్రకూ తేడా అంతా ఖాళీలోనే ఉంది. కాబట్టి:

ఖాళీ భాగం = 1 – (ఆరిన కర్ర సాంద్రత ÷ 1.5)

ఉదాహరణ 2: పై దిమ్మ కొలతలు 5 × 5 × 12 సెం.మీ. అనుకుందాం. ఘనపరిమాణం 300 ఘన సెం.మీ. సాంద్రత = 150 ÷ 300 = 0.5. ఖాళీ భాగం = 1 – 0.33 = 0.67. అంటే దాదాపు 200 ఘన సెం.మీ. ఖాళీ. రెసిన్ సాంద్రతను సౌలభ్యం కోసం 1గా తీసుకుంటే, ఈ దిమ్మ గరిష్ఠంగా 200 గ్రాముల రెసిన్ పీల్చుకోగలదు.

ఇదే లెక్కను 0.9 సాంద్రత గల బరువైన కర్రకు వేస్తే ఖాళీ 40 శాతమే. పైగా అటువంటి చేవ కర్రలలో గొట్టాలు సహజ పదార్థాలతో మూసుకుపోయి ఉంటాయి. టేకులో నూనె కూడా ఉంటుంది. ఈ కర్రలకు స్థిరీకరణ అవసరమూ లేదు, ఫలితమూ తక్కువ. పుచ్చిన మామిడి, తేలికైన తెల్ల పొణికి వంటివి బాగా పీల్చుకుంటాయి.

ఒక పరిమితిని ఇక్కడే గుర్తుంచుకోవాలి. స్థిరీకరణ రెసిన్ ప్రధానంగా గొట్టాల ఖాళీని నింపుతుంది. కణకవచంలోకి పెద్దగా వెళ్లదు. అందువల్ల తేమకు కర్ర కదలడం బాగా తగ్గుతుంది కాని పూర్తిగా ఆగదు. కణకవచంలోకే వెళ్లే పదార్థం పాలిఇథిలీన్ గ్లైకాల్. స్వీడన్‌లో 1961లో సముద్రం నుంచి పైకి తీసిన వాసా అనే ఓడ కలప పగలకుండా ఉండటానికి 1962 నుంచి 1979 వరకు దీనినే చల్లారు. అది నీటి స్థానాన్ని ఆక్రమించి కుంచించుకోకుండా ఆపుతుంది కాని పుచ్చిన కర్రకు ఉలి దెబ్బను ఓర్చుకునే గట్టిదనం ఇవ్వదు. మనకు కావలసింది ఆ గట్టిదనమే.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
ఒక దిమ్మ ఆరకముందు 230 గ్రాములు, ఆరిన తరవాత 200 గ్రాములు ఉంది. ఘనపరిమాణం 400 ఘన సెం.మీ. తేమ శాతం ఎంత? ఖాళీ ఎంత?

7.3 స్థిరీకరణ విధానం

దీనికి వాడే రెసిన్ సాధారణంగా మెథాక్రిలేట్ రకానికి చెందినది. గది ఉష్ణోగ్రత వద్ద ద్రవంగానే ఉండి, సుమారు 90 డిగ్రీల సెల్సియస్ వద్ద పాలిమరీకరణ చెంది గట్టిపడుతుంది. కావలసిన సాధనాలు: మంచి వాక్యూమ్ పంపు, మందమైన మూత గల వాక్యూమ్ పాత్ర, శూన్యాన్ని చూపే గేజి, చిన్న విద్యుత్ ఓవెన్, తూనిక యంత్రం. ఈ ఓవెన్‌ను మళ్లీ వంటకు వాడరాదు.

7.3.1 ఆరబెట్టడం

దిమ్మలను దాదాపు 105 డిగ్రీల వద్ద కనీసం 24 గంటలు ఉంచాలి. కొన్ని గంటల తేడాతో రెండుసార్లు తూచినప్పుడు బరువు మారకపోతే కర్ర ఆరినట్లు. గడియారం చూసి కాక, తూనిక చూసి నిర్ణయించండి. తరవాత దిమ్మలను గాలి చొరబడని సంచిలో ఉంచి గది ఉష్ణోగ్రతకు చల్లారనివ్వాలి. బయట ఉంచితే, ముఖ్యంగా వానాకాలంలో, గాలిలోని తేమను తిరిగి పీల్చుకుంటాయి. వేడిగా ఉండగానే రెసిన్‌లో వేస్తే పాత్రలోని రెసిన్ అంతా గడ్డకట్టే ప్రమాదం ఉంది.

7.3.2 శూన్యం కల్పించడం

దిమ్మలను పాత్రలో పేర్చి, తేలకుండా పైన బరువు ఉంచి, అవి మునిగిన తరవాత కూడా రెండు అంగుళాల ఎత్తు నిలిచేలా రెసిన్ పోయాలి. పంపు ప్రారంభించగానే నురుగు వేగంగా పైకి వస్తుంది. అది పంపులోకి పోకుండా వాల్వును కొద్దికొద్దిగా తిప్పుతూ శూన్యాన్ని నెమ్మదిగా పెంచాలి. బుడగలు దాదాపు ఆగేవరకు పంపు నడవాలి. చిన్న దిమ్మలకు కొన్ని గంటలు, మందమైన వాటికి రాత్రంతా పట్టవచ్చు.

గేజి ఎంత చూపాలి అన్నది మీరున్న ఊరి ఎత్తును బట్టి ఉంటుంది. సముద్రమట్టంలో వాతావరణ పీడనం 760 మి.మీ. పాదరసం. విశాఖపట్నంలో పూర్తి శూన్యానికి గేజి ఆ అంకెకు దగ్గరగా వస్తుంది. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కనుక అక్కడ గరిష్ఠం దాదాపు 713 మి.మీ. మాత్రమే. ఈ సంగతి తెలియక పంపు చెడిపోయిందని భావించేవారు ఉన్నారు.

కర్ర సరిగా ఆరకపోతే ఏమవుతుంది? 30 డిగ్రీల వద్ద నీటి బాష్పపీడనం సుమారు 32 మి.మీ. పాత్రలో మిగిలిన పీడనం అంతకంటే తగ్గగానే కర్రలోని నీరు గది ఉష్ణోగ్రత వద్దే మరగడం మొదలుపెడుతుంది. బుడగలు ఆగవు. మీరు గాలి వస్తోందని అనుకుంటారు. నిజానికి వచ్చేది ఆవిరి. ఈ పనిలో నా మొదటి ప్రయత్నం ఇలాగే సాగింది. పెరట్లో ఏడాది ఆరిన మామిడి దిమ్మ కదా అని ఓవెన్‌లో పెట్టలేదు. రెండు రోజులు పంపు నడిపినా బుడగలు ఆగలేదు. కాల్చిన తరవాత కోసి చూస్తే, అంచు రాయిలా ఉంది, నడుమ మాత్రం గోటితో గీరితే పొడి రాలింది. ఏడాది నీడన ఆరిన కర్రలోనూ 12 శాతం తేమ ఉండవచ్చునని పాఠం చెప్పిన నేనే ఆ పాఠాన్ని అక్కడ మరచిపోయాను.

7.3.3 నానబెట్టడం, వేడితో గట్టిపరచడం

శూన్యం రెసిన్‌ను లోపలికి లాగదు. శూన్యం చేసే పని కర్రలోని గాలిని తీసివేయడం మాత్రమే. వాల్వు తెరిచి గాలిని లోపలికి వదిలినప్పుడు వాతావరణ పీడనం రెసిన్‌ను ఖాళీలలోకి నెడుతుంది. ఇది నెమ్మదిగా జరుగుతుంది. కాబట్టి శూన్యం తీసివేసిన వెంటనే దిమ్మలను బయటకు తీయరాదు. శూన్యంలో ఉంచిన కాలానికి కనీసం రెట్టింపు కాలం రెసిన్‌లోనే నాననివ్వాలి.

తరవాత దిమ్మలను ఓడ్చి, ఒక్కొక్కదానిని అల్యూమినియం రేకులో చుట్టి, రెసిన్ తయారీదారు సూచించిన ఉష్ణోగ్రత వద్ద ఓవెన్‌లో ఉంచాలి. దిమ్మ నడిభాగం కూడా ఆ ఉష్ణోగ్రతకు చేరాలి. కర్ర వేడిని నెమ్మదిగా ప్రసరింపజేస్తుంది కనుక అంగుళం మందానికి రెండు గంటలు పడితే, మూడు అంగుళాల మందానికి అంతకు ఎన్నో రెట్లు పట్టవచ్చు. పాత్రలో మిగిలిన రెసిన్‌ను వడకట్టి చల్లని చోట దాచి మళ్లీ వాడుకోవచ్చు. రేకుల పైకప్పు కింద ఎండాకాలంలో దానిని నిల్వ చేయరాదు.

7.3.4 ఫలితాన్ని కొలవడం

ఉదాహరణ 3: 150 గ్రాముల దిమ్మ గట్టిపడిన తరవాత 300 గ్రాములు తూగితే, పీల్చుకున్న రెసిన్ 150 గ్రాములు. గరిష్ఠం 200 గ్రాములు కనుక ఖాళీలో 75 శాతం నిండింది. ఇది మంచి ఫలితం. 190 గ్రాములే తూగితే నిండినది 20 శాతం. ఆరబెట్టడంలోనో, శూన్యంలోనో, నానబెట్టడంలోనో లోపం ఉన్నట్లు. ప్రతి దిమ్మ మీద పెన్సిలుతో అంకె వేసి, మూడు బరువులనూ నోటు పుస్తకంలో రాసుకోండి.

7.4 రెసిన్ పోత

7.4.1 రెసిన్ రకాలు

పాలియెస్టర్: ఫైబర్‌గ్లాస్ దుకాణాలలో సులభంగా దొరుకుతుంది. ధర తక్కువ. స్టైరీన్ వాసన ఘాటుగా ఉంటుంది. గట్టిపడేటప్పుడు గమనించదగినంత కుంచించుకుంటుంది. పెళుసుగా ఉండి ఉలి కింద చిట్లుతుంది.

ఎపాక్సీ: రెసిన్, హార్డెనర్ అనే రెండు భాగాలు. కుంచింపు తక్కువ, కర్రకు పట్టు ఎక్కువ. గట్టిపడటానికి గంటల నుంచి రోజుల వరకు పడుతుంది. తయారీదారు చెప్పిన నిష్పత్తిని ఖచ్చితంగా పాటించాలి. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ వేస్తే దిమ్మ మెత్తగానే మిగిలిపోతుంది. నిష్పత్తి బరువు ప్రకారమా, ఘనపరిమాణం ప్రకారమా అన్నది కూడా చూసుకోవాలి.

పాలియురేథేన్: నిమిషాలలో గట్టిపడుతుంది, ఉలికి బాగా లొంగుతుంది. కాని ఇందులోని ఐసోసయనేట్ నీటితో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్ విడుదల చేస్తుంది. కర్రలో కొద్దిపాటి తేమ ఉన్నా దిమ్మ నురుగు కట్టి ఉబ్బుతుంది.

మొదటిసారి చేసేవారికి నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ అనుకూలం.

7.4.2 అచ్చు, కర్ర సిద్ధం చేయడం

పాలీప్రొపిలీన్, పాలిథిన్, సిలికాన్‌లకు ఎపాక్సీ అంటుకోదు. ఇంట్లోని పాలీప్రొపిలీన్ డబ్బా కూడా మంచి అచ్చు అవుతుంది. కర్ర ముక్కను ముందుగా స్థిరీకరించి, పైన కారి గట్టిపడిన రెసిన్‌ను గరుకు కాగితంతో తీసివేసి, బెరడునూ మట్టినీ పూర్తిగా తొలగించి అచ్చులో అడుగున బిగించాలి. లేకపోతే తేలుతుంది. క్రమం ఎప్పుడూ ఒకటే: ముందు స్థిరీకరణ, తరవాత పోత. స్థిరీకరించని కర్రను వాడితే దానిలోని గాలి పోతలోకి బుడగలుగా వస్తూనే ఉంటుంది.

7.4.3 బుడగలు – పీడనం

పోతలోని బుడగలను పూర్తిగా తీయడం కష్టం. వాటిని కంటికి కనిపించనంత చిన్నవిగా చేయడం సులభం. బాయిల్ నియమం ప్రకారం పీడనం పెరిగినంత రెట్లు వాయువు ఘనపరిమాణం తగ్గుతుంది. అచ్చును పీడన పాత్రలో ఉంచి గేజి చదరపు అంగుళానికి 60 పౌన్లు చూపేవరకు గాలి ఎక్కించామనుకోండి. వాతావరణ పీడనం 14.7తో కలిపి మొత్తం 74.7, అంటే మామూలుకంటే సుమారు 5 రెట్లు. బుడగ ఘనపరిమాణం ఐదో వంతుకు, వ్యాసం సుమారు 58 శాతానికి తగ్గుతుంది. కొంత గాలి రెసిన్‌లో కరిగిపోతుంది కూడా. రెసిన్ గట్టిపడే వరకు పీడనం తగ్గకూడదు. ముందే వదిలితే బుడగలు తిరిగి ఉబ్బుతాయి.

హెచ్చరిక: వంటింటి ప్రెషర్ కుక్కర్‌ను ఈ పనికి ఎన్నడూ వాడరాదు. అది చదరపు అంగుళానికి సుమారు 15 పౌన్ల ఆవిరి కోసం తయారైనది. దానిలోకి కంప్రెసర్‌తో 60 పౌన్ల గాలి ఎక్కించడం బాంబు తయారుచేయడమే. పాత్ర మీద ముద్రించిన గరిష్ఠ పీడనాన్ని మించకండి; సేఫ్టీ వాల్వు లేని పాత్ర కొనకండి. అలాగే శూన్యానికి పలుచని గాజు సీసా వాడితే అది లోపలికి పగిలి పెంకులు ఎగురుతాయి.

7.4.4 వేడి

రెసిన్ గట్టిపడటం ఉష్ణమోచక చర్య. పళ్లెంలో పలుచగా పోసిన ఎపాక్సీ వేడిని గాలికి వదులుతుంది. అదే ఎపాక్సీని లోతైన కప్పులో ఉంచితే వేడి లోపలే నిలిచి, చర్య ఇంకా వేగవంతమై, మరింత వేడి పుడుతుంది. చివరకు పొగ వచ్చి, రెసిన్ పసుపుబారి పగులుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే పనిచేయడానికి దొరికే సమయం దాదాపు సగమవుతుంది. 25 డిగ్రీల వద్ద 40 నిమిషాలు ఉండే రెసిన్ 35 డిగ్రీల వద్ద 20 నిమిషాలే ఉంటుంది. మే నెలలో పోత పోయవలసి వస్తే తెల్లవారుజామున పోయండి. లోతైన అచ్చుకు, లోతు పోతకు ప్రత్యేకించిన రెసిన్ వాడండి, లేదా పొరలు పొరలుగా పోయండి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
స్థిరీకరణకు శూన్యం, పోతకు పీడనం ఎందుకు వాడతాము?

7.5 పోత దిమ్మను లేత్ మీద చెక్కడం

పూర్తిగా గట్టిపడిన దిమ్మనే లేత్‌కు ఎక్కించాలి. అంగుళాలలో వ్యాసాన్ని నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. 2 అంగుళాల దిమ్మకు ఇది 3000 నుంచి 4500 చుట్లు. దిమ్మ చదరంగా ఉన్నంతసేపూ, కర్రకూ రెసిన్‌కూ మధ్య అతుకు మీద అనుమానం ఉన్నప్పుడూ ఇంకా తక్కువ వేగం మంచిది. ఉలి చాలా పదునుగా ఉండాలి. కోత పలుచగా ఉండాలి. మంచి ఎపాక్సీ పొడవైన నారలా వస్తుంది. అది దిమ్మకు చుట్టుకుంటే లేత్ ఆపి తీయాలి గాని తిరుగుతుండగా చేయి పెట్టరాదు. చివర గరుకు కాగితంతో నీళ్లు చిలకరిస్తూ 400 నుంచి 2000 నంబరు వరకు క్రమంగా రుద్ది పాలిష్ చేయాలి.

7.6 ఆరోగ్యం, భద్రత

ఈ భాగాన్ని పరీక్ష కోసం కాక మీ కోసం చదవండి.

ఎపాక్సీ హార్డెనర్లలోని అమైన్లు చర్మానికి అలర్జీ కలిగిస్తాయి. ఇది మొదటి రోజు రాదు. నెలల తరబడి ఏమీ జరగదు. ఒకరోజు దురద, పొక్కులు మొదలవుతాయి. ఆ తరవాత జీవితాంతం, అతి కొద్ది మోతాదుకు కూడా శరీరం అలాగే స్పందిస్తుంది. నేను రసాయన శాస్త్రం బోధించినవాడిని. అయినా ఇంట్లో చేసే చిన్న పనికి చేతి తొడుగులు ఎందుకని రెండేళ్లు నిర్లక్ష్యం చేశాను. ఇప్పుడు గట్టిపడని ఎపాక్సీ డబ్బా మూత తీస్తే చాలు, ముంజేతులు ఎర్రబడతాయి. నాకు స్థిరీకరణ పని మిగిలింది. ఎపాక్సీ పోత పని పోయింది. చదువు ఉన్నంత మాత్రాన చర్మం మినహాయింపు ఇవ్వదు.

• నైట్రైల్ చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. చర్మం మీద పడితే సబ్బుతో కడగాలి, థిన్నర్‌తో తుడవరాదు. థిన్నర్ రసాయనాన్ని చర్మంలోకి మరింతగా చేరుస్తుంది.
• గాలి ఆడే చోట పనిచేయాలి. దుమ్ముకు వాడే గుడ్డ మాస్కు ఆవిర్లను ఆపదు.
• పాలియెస్టర్‌తో వచ్చే క్యాటలిస్టు ఒక పెరాక్సైడ్. కంటిలో పడితే చూపు పోవచ్చు. దానినీ, కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ నేరుగా కలిపితే మంటలు లేదా పేలుడు సంభవిస్తాయి. యాక్సిలరేటర్‌ను ముందు రెసిన్‌లో పూర్తిగా కలిపిన తరవాతే క్యాటలిస్టు కలపాలి.
• లేత్ వద్ద పూర్తి ముఖ కవచం ధరించాలి. రుద్దేటప్పుడు వచ్చే రెసిన్ ధూళిని పీల్చరాదు.
• మిగిలిన రెసిన్‌ను కాలువలో పోయరాదు. గట్టిపడిన తరవాతే పారవేయాలి.

7.7 ఈ పద్ధతులు ఎక్కడ తగవు?

చిన్న పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు, వేడి ఆహారం తగిలే పాత్రలకు ఈ రెసిన్లు వాడకండి. నిష్పత్తి తప్పి సగం గట్టిపడిన రెసిన్‌ను కంటితో గుర్తించలేము. ఆ వస్తువులకు మంచి అంకుడు కర్ర, శుభ్రమైన లక్క చాలు. పెన్నులు, కత్తి పిడులు, అలంకరణ పాత్రలు, తాళంచెవి బిళ్లలు ఈ పద్ధతికి తగినవి. ఆరోగ్యంగా ఉన్న కర్రను కూడా రెసిన్‌తో నింపడం ఖర్చు పెంచుకోవడమే. పొయ్యిలోకి పోవలసిన ముక్కకు రెండో జీవితం ఇవ్వడం ఈ విద్య అసలు ప్రయోజనం.

7.8 సారాంశం

స్థిరీకరణ కర్ర లోపలి ఖాళీని నింపుతుంది. పోత బయటి ఖాళీని పూరిస్తుంది. పూర్తిగా ఆరని కర్రతో రెండూ విఫలమవుతాయి. శూన్యం గాలిని తీస్తుంది. రెసిన్‌ను లోపలికి నెట్టేది వాతావరణ పీడనం. పోతలో పీడనం బుడగలను కుదిస్తుంది. రెసిన్ పరిమాణం, గది ఉష్ణోగ్రత పెరిగిన కొద్దీ చర్య వేగం పెరుగుతుంది. మొదట అంగుళం మందం గల రెండు మూడు చిన్న దిమ్మలతో ప్రారంభించి, బరువులు నమోదు చేస్తూ, స్థిరీకరణ చేయి తిరిగిన తరవాతే పోతకు వెళ్లండి.

7.9 నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. కలప స్థిరీకరణలోని దశలను కారణాలతో వివరించండి.
2. రెసిన్ రకాలను పోల్చి, ప్రారంభ దశలోని అభ్యాసకుడికి ఏది తగినదో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ వాక్యూమ్ గేజి వేరువేరు అంకెలు చూపడానికి కారణం ఏమిటి?
2. లోతైన కప్పులో ఎపాక్సీ ఎందుకు పొగలు కక్కుతుంది?

మీ ప్రగతిని పరిశీలించుకోండి – సమాధానాలు
1. తేమ 15 శాతం. సాంద్రత 0.5 కనుక ఖాళీ భాగం 0.67; అంటే సుమారు 267 ఘన సెం.మీ.
2. స్థిరీకరణలో కర్రలోని గాలిని ముందుగా తొలగిస్తేనే రెసిన్‌కు చోటు దొరుకుతుంది. పోతలో రెసిన్ త్వరగా చిక్కబడుతుంది కనుక బుడగలను తొలగించడం కంటే కుదించి అలాగే గట్టిపడనివ్వడం సులభం.

7.10 ముఖ్య పదాలు

కణకవచం: కలప కణం చుట్టూ ఉండే గట్టి గోడ.
చేవ: చెట్టు నడిమి భాగంలోని గట్టి, ముదురు రంగు కర్ర.
పాలిమరీకరణ: చిన్న అణువులు కలిసి పొడవైన అణువులుగా మారే చర్య.
ఉష్ణమోచక చర్య: వేడిని వెలువరించే రసాయన చర్య.
బాష్పపీడనం: ఒక ఉష్ణోగ్రత వద్ద ద్రవంతో సమతాస్థితిలో ఉన్న దాని ఆవిరి కలిగించే పీడనం.